కార్డు రాలేదంటే కుర్రాడిలో లోపం ఉందని కాదు

 

ఈ మధ్య మన పూర్వ భాగంలో ఏ పెళ్ళి పందిట్లో కూర్చున్నా ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతోంది. "అమెరికాలో ఉన్న మీవాడికి కార్డు వచ్చిందా?" ఇంకా రాలేదంటే అడిగినవాళ్ళ ముఖంలో ఏదో అనుమానం. పన్నెండేళ్ళయినా రాలేదంటే వాడి చదువులోనో ఉద్యోగంలోనో ఏదో తేడా ఉండి ఉంటుందని. తల్లిదండ్రులు మాట మార్చేస్తారు. ఒకరిద్దరు ఈ ప్రశ్నకు భయపడి పెళ్ళిళ్ళకు రావడమే తగ్గించారు. మన సంఘం వధూవర పరిచయ మేళావా కోసం వేసిన ఫారంలో కూడా "గ్రీన్ కార్డ్ ఉందా, లేదా" అని ఒక గడి పెట్టారు. ఆ గడి తీసేయాలని మా మనవి. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేము ముప్పై ఏళ్ళకు పైగా రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం. రిజర్వేషన్ కౌంటర్ వెనక కూర్చున్నవాళ్ళం. అమెరికా చట్టాలు మా చదువు కాదు గానీ, కోటా అంటే ఏమిటో, వెయిటింగ్ లిస్టు అంటే ఏమిటో తెలుసు. మన పిల్లల సంగతి ఆ లెక్కలోనే చెబుతాం.

అమెరికాలో ఉద్యోగం మీద శాశ్వత నివాసం కోరేవాళ్ళకు ఏడాదికి 1,40,000 కార్డులని 1990 నాటి చట్టం పెట్టింది. ఆ లెక్కలో భార్యాపిల్లలు కూడా కలిసే ఉంటారు. అంటే ఇంట్లో నలుగురుంటే నాలుగు కార్డులు ఖర్చు. దాని మీద ఇంకో నిబంధన ఉంది. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ నూటికి ఏడుకు మించి ఇవ్వకూడదు. ఉద్యోగ కోటా వరకు లెక్క వేస్తే 9,800. వేరే దేశాలవాళ్ళు వాడుకోగా మిగిలినవి ఉంటే కొన్ని అదనంగా దొరుకుతాయి, అంతే. మన దేశ జనాభా నూట నలభై కోట్లు దాటింది. మన షోలాపూర్ జిల్లాకన్నా చిన్న దేశాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. అందరికీ పైకప్పు ఒకటే.

రైలు భాషలో చెబితే ఇలా. ఒక జంక్షన్‌లో వెయ్యిమంది ఎక్కాలి. తర్వాతి చిన్న స్టేషన్‌లో పదిమంది ఎక్కాలి. రెండింటికీ తలా ఇరవై బెర్తులకు మించి ఇవ్వం అన్నామనుకోండి. చిన్న స్టేషన్‌వాడు టికెట్ కొన్న రోజే బెర్త్ మీద పడుకుంటాడు. జంక్షన్‌వాడు చేతిలో టికెట్ పెట్టుకుని ప్లాట్‌ఫారం మీదే ఉంటాడు. వాడి టికెట్ డబ్బులు తక్కువ కాలేదు, వాడు ఆలస్యంగానూ రాలేదు. వాడు ఎక్కే స్టేషన్ పెద్దది, అంతే తేడా.

ఇక్కడ స్టేషన్ అంటే పుట్టిన దేశం. ఇప్పుడు ఏ దేశపు పౌరుడన్నది చూడరు. మనవాడు మధ్యలో కెనడా పౌరుడైనా వరుసలో భారతదేశం గడిలోనే నిలబెడతారు. భార్య గానీ భర్త గానీ వేరే దేశంలో పుట్టి ఉంటే మాత్రం వాళ్ళ దేశం వరుసలో చేరవచ్చు. మన ఇళ్ళలో సంబంధాలు భివండి నుంచి, కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి చేసుకుంటాం కాబట్టి ఆ దారి మనకు లేదు.

ఈ వరుసలో మూడు మెట్లుంటాయి. మొదట కంపెనీవాళ్ళు ఈ పనికి స్థానికులెవరూ దొరకలేదని అక్కడి కార్మిక శాఖ దగ్గర రుజువు చేయాలి. ఆ దరఖాస్తు పెట్టిన తేదీయే కుర్రాడి ప్రయారిటీ డేట్, అంటే వరుసలో వాడి నంబరు. రెండోది, ఈ ఉద్యోగి మాకు కావాలని కంపెనీ పెట్టే ఐ-140 పిటిషన్. మూడోది, కుర్రాడే పెట్టుకునే ఐ-485, అసలు కార్డు కోసం. మొదటి రెండూ దాటి మూడో మెట్టు కింద ఏళ్ళ తరబడి నిలబడినవాళ్ళే మనవాళ్ళు. ప్రతి నెలా అమెరికా విదేశాంగ శాఖ వీసా బులెటిన్ వేస్తుంది. మన పాత రోజుల్లో బోగీ తలుపుకు అంటించిన చార్ట్‌లో పేరు వెతుక్కున్నట్టు, మన పిల్లలు ప్రతి నెలా అందులో తేదీ వెతుక్కుంటారు.

2024 అక్టోబర్ బులెటిన్ చూడండి. పై చదువులు చదివినవాళ్ళ తరగతి, దాన్ని ఈబీ-2 అంటారు, అందులో భారతదేశం వరుస 2012 జులై 15 దగ్గర ఉంది. అంటే ఆ తేదీన, ఆ తర్వాత వరుసలో చేరినవాళ్ళంతా ఇంకా ఆగాల్సిందే. అదే నెల, అదే తరగతిలో నేపాల్‌లో పుట్టినవాడికి వరుస 2023 మార్చి దాకా వచ్చింది. ఒకే ఆఫీసులో పక్క పక్క కుర్చీల్లో కూర్చుని ఒకే పని చేసే ఇద్దరికి పదేళ్ళకు పైగా తేడా. ఇంకో చిత్రం, ఆ తేదీ ముందుకే పోతుందన్న భరోసా కూడా లేదు. ఒక్కోసారి వెనక్కి జరుగుతుంది. వెయిటింగ్ లిస్టు 12 ఉన్నవాడికి మర్నాడు 40 అని చూపించడం మేము మా సర్వీసంతటిలో చూడలేదు.

అయితే ఆలస్యమంతా చట్టం వల్లే కాదు. కాగితాలు కదిపే వేగం వల్ల కూడా నష్టం జరుగుతుంది. కోవిడ్ ఏడాదిలో విదేశాల్లోని ఎంబసీలు మూతపడి కుటుంబ కోటా కార్డులు చాలా మిగిలిపోయాయి. అక్కడి చట్టం ప్రకారం అవి మరుసటి ఏడాది ఉద్యోగ కోటాకు వచ్చాయి. అలా 2021 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగ వరుసకు 2,62,000కు పైగా కార్డులు దొరికాయి. మామూలు ఏడాదికి దాదాపు రెండింతలు. కానీ సెప్టెంబర్ 30 లోపల దరఖాస్తులు చూసి ముగించలేకపోయారు. 60 వేలకు పైగా కార్డులు ఆ వరుసలో ఎవరికీ అందకుండా పోయాయి. ప్లాట్‌ఫారం నిండా వెయిటింగ్ లిస్టువాళ్ళు నిలబడి ఉండగా, చార్ట్ వేయడం ఆలస్యమై ఖాళీ బెర్తులతో రైలు వెళ్ళిపోయినట్టు. ఇది తలచుకుంటే మాలాంటి కౌంటర్ మనుషులకు నిద్ర పట్టదు.

ఇంత జరిగినా ఆ పిల్లలు ఊరికే కూర్చోలేదు. 2007 జులై నెలకు అందరికీ తేదీ తెరిచామని బులెటిన్ వచ్చింది. వేలమంది వైద్య పరీక్షలు చేయించుకుని, సెలవులు రద్దు చేసుకుని కాగితాలు సిద్ధం చేసుకున్నారు. తీరా జులై 2న, దరఖాస్తులు తీసుకోమని మాట మార్చారు. అప్పుడు మనవాళ్ళు రాళ్ళు పట్టుకోలేదు. అంతకు ముందు ఏడాదే వచ్చిన మున్నాభాయ్ సినిమాలో చూసిన గాంధీగిరీ గుర్తు తెచ్చుకుని ఆ శాఖ డైరెక్టర్‌కు వందల కొద్దీ పూలగుత్తులు పంపించారు. ఆయన వాటిని ఆసుపత్రిలో ఉన్న గాయపడిన సైనికులకు పంపించేశారు. జులై 17న ఆ శాఖ వెనక్కి తగ్గి దరఖాస్తులు తీసుకుంది. ఆ తర్వాత 2019 జులైలో ఈ నూటికి ఏడు పైకప్పు తీసేసే బిల్లు అక్కడి దిగువ సభలో 365–65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా కొన్ని మార్పులతో ఒప్పుకుంది. రెండు సభల పాఠాలూ ఒకటి కాక అది చట్టం కాలేదు. పైకప్పు తీసేస్తే కొన్నేళ్ళపాటు కార్డులన్నీ భారతీయులకే పోతాయని మిగతా దేశాలవాళ్ళు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ మాటలోనూ న్యాయం లేకపోలేదు. బెర్తులు పెంచకుండా వరుస మార్చితే ఒకరి బాధ ఇంకొకరి మీద పడుతుంది.

ఇప్పుడు ఈ ఆలస్యం మన ఇళ్ళలో ఏం చేస్తోందో చెబుతాం. పేర్లు చెప్పం, మీకు తెలిసిన ఇళ్ళే.

మా వీధిలో ఒక అక్క ఉంది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి కొడుకును ఇంజనీరును చేసింది. బావగారు పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేవారు. కొడుకు వెళ్ళి పద్నాలుగేళ్ళయింది. బావగారు పోయినప్పుడు కొడుకు రాలేకపోయాడు. పాస్‌పోర్ట్‌లో వీసా ముద్ర గడువు అయిపోయింది. ఇక్కడికి వస్తే తిరిగి వెళ్ళడానికి కాన్సులేట్‌లో మళ్ళీ ముద్ర వేయించుకోవాలి. అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అక్కడ భార్య, ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్. తలకొరివి తమ్ముడి కొడుకు పెట్టాడు. వాడు ఫోన్‌లో చూస్తూ అక్కడ స్నానం చేశాడు. "డబ్బు మత్తులో తండ్రి చావుకు కూడా రాలేదు" అని ఆ రోజు శ్మశానంలోనే కొందరు అన్నారు. అక్క ఆ మాట ఇప్పటికీ మరచిపోలేదు.

ఉద్యోగం పోతే ఇంకో కష్టం. మామూలుగా 60 రోజుల్లో వేరే ఉద్యోగం చూసుకోవాలి, లేకపోతే దేశం వదలాలి. పదేళ్ళు పన్ను కట్టినవాడైనా సరే, నిన్న వెళ్ళినవాడైనా సరే, అదే 60 రోజులు. కొత్త కంపెనీ దొరికినా మొదటి రెండు మెట్లూ మళ్ళీ ఎక్కాలి. పాత తేదీ మాత్రం చాలా సందర్భాల్లో మిగులుతుంది.

అన్నిటికన్నా కష్టం పిల్లలది. మూడేళ్ళప్పుడు తల్లిదండ్రుల చంకనెక్కి వెళ్ళిన పిల్లకు అక్కడే పలక, అక్కడే బడి. తండ్రి వరుస కదలకుండానే ఆ పిల్లకు 21 నిండితే తండ్రి దరఖాస్తులోంచి పేరు పోతుంది. 2002లో తెచ్చిన చట్టం ఒకటి కొంత వయసు తగ్గించి లెక్క వేస్తుంది. కానీ ఐ-140 పిటిషన్ పెండింగ్‌లో ఉన్న కాలమే తగ్గిస్తారు, వరుసలో నిలబడిన ఏళ్ళు తగ్గించరు. అప్పుడు ఆ పిల్ల విదేశీ విద్యార్థిగా మళ్ళీ వీసా తెచ్చుకోవాలి, లేదా తనకు ఊహ తెలిశాక చూడని ఊరికి ఒంటరిగా రావాలి. మన పేటలో ఒక అవ్వ మనవరాలికి వచ్చే ఏడు 21 నిండుతాయి. అవ్వ మొక్కు మొక్కుకుంది. ఎవరికైనా పెళ్ళి కుదరాలనో, కొడుకు పుట్టాలనో మొక్కుకుంటారు. ఈ అవ్వ బులెటిన్ తేదీ జరగాలని మొక్కుకుంది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒక దురహంకారి కాల్చి చంపిన సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగింది చాలామందికి తెలియదు. ఆయన భార్య సునయన అక్కడ ఉండే హక్కు భర్త వీసా మీదే ఆధారపడి ఉంది. భర్త పోవడంతో అదీ పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన ఆమె తిరిగి తన ఇంటికి వెళ్ళగలదో లేదో తెలియలేదు. అక్కడి పార్లమెంట్ సభ్యుడొకరు పూనుకుని తాత్కాలిక అనుమతి ఇప్పించాల్సి వచ్చింది. దేశమంతా కన్నీరు కార్చిన ఇంటి పరిస్థితే అది. పేపర్లో పడని ఇళ్ళ పరిస్థితి ఆలోచించండి.

ఇక్కడ కొందరు అన్నలు అంటారు: "ఎవరు పొమ్మన్నారు? లక్షలు సంపాదిస్తున్నారు కదా. కష్టమైతే తిరిగి రావచ్చు కదా." ఈ మాటకు జవాబు చెప్పాలి. నిజమే, వాళ్ళు ఆకలితో లేరు. అక్కలకోట రోడ్డు ఎంఐడీసీలో వేడికి, చప్పుడుకి మధ్య పన్నెండు గంటలు టవళ్ళు నేసే మన తమ్ముడి కష్టంతో వాళ్ళ కష్టాన్ని తూచకూడదు. తిరిగి వచ్చి పుణేలోనో హైదరాబాద్‌లోనో హాయిగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను ఓడిపోయి వచ్చినవాళ్ళలా చూడటం కూడా మానాలి. కానీ రావాలా, ఉండాలా అన్నది వాళ్ళ ఇంటి నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకోవడానికి కావలసింది "ఇన్నాళ్ళలో వస్తుంది" అనో "రాదు" అనో ఒక కచ్చితమైన మాట. అది దొరకదు. వచ్చే ఏడు రావచ్చు అనే ఆశ మీద పదేళ్ళు గడిచిపోతాయి. ఇల్లు ఎక్కడ కట్టాలో తెలియదు, తల్లిని ఎక్కడ ఉంచాలో తెలియదు.

వలస వచ్చినవాళ్ళ కాగితాల కష్టం మనకు కొత్త కాదు. మన ముత్తాతలు 1870ల కరువు రోజుల్లో, తర్వాత మిల్లుల రోజుల్లో నిజాం రాజ్యం నుంచి నడిచి, బండ్లెక్కి ఈ ఊరికి వచ్చారు. వాళ్ళ దగ్గర మూటలో ఉన్నది నాడె, పడుగు, పేకల పనితనం తప్ప కాగితం కాదు. మగ్గం తొక్కగలవా అని అడిగారు, పని ఇచ్చారు. ఇవాళ వాళ్ళ మునిమనవడు కాలేజీలో సీటు కోసం కుల పత్రం అడిగితే ఏమంటారు? మహారాష్ట్రలో ఇతర వెనుకబడిన తరగతుల పత్రానికి 1967 అక్టోబర్ 13కు ముందు నుంచీ కుటుంబం ఇక్కడే ఉన్నట్టు ఆధారం తెమ్మంటారు. తాత బడికి వెళ్ళలేదు, ఆధారం ఎక్కడిది? దాని కోసం ఎన్ని ఇళ్ళు ఎన్ని నెలలు తిరిగాయో మనకు తెలుసు. కుల పరిశీలన ఫైలు ఆలస్యమైతే ఆ పిల్లవాడిలో లోపం ఉందని మనం ఎవరమైనా అన్నామా? అనలేదు. ఆఫీసులో ఆలస్యమవుతోంది అన్నాం. అదే న్యాయం అమెరికాలో ఉన్నవాడికి కూడా వర్తిస్తుంది.

చట్టం మార్చడం మన చేతిలో లేదు. ఒక పని మాత్రం మన చేతిలో ఉంది. తేదీ తెరుచుకున్న నెలలో జనన పత్రం లేక, పేరు కలవక, పిల్లల దరఖాస్తు ఆగకూడదు. తేదీ మళ్ళీ వెనక్కి పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. కన్ఫర్మ్ టికెట్ ఉండి గుర్తింపు కార్డు లేక దిగిపోయిన ప్రయాణికులను మేము చూశాం.

మన దగ్గర జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, 1970 ఏప్రిల్ నుంచి అమలైంది. అయినా తర్వాత ఎన్నో ఏళ్ళు మన పేటల్లో కాన్పులు ఇంట్లోనే, మంత్రసాని చేతిలోనే జరిగాయి. నమోదు కాని పిల్లలున్నారు. నమోదైనా "ఆడ శిశువు", "మగ శిశువు" అని రాసి వదిలేసిన పిల్లలున్నారు. పేరు లేకుండా నమోదైతే 15 ఏళ్ళ లోపల చేర్పించుకోవచ్చు. అసలు నమోదే కాకపోతే, ఏడాది దాటినవాటికి మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. రికార్డు దొరకకపోతే "లభ్యం కాదు" అని పత్రం తీసుకుని, దానికి బడి దాఖలా, దగ్గరి పెద్దల అఫిడవిట్లు జోడించవచ్చు. ఇవన్నీ తల్లిదండ్రులు బతికి ఉండగా, సాక్షులు బతికి ఉండగా చేసుకోవాలి.

పేర్ల సంగతి మరీ చిక్కు. ఇంట్లో వెంకటేశం, మరాఠీ బడిలో వ్యంకటేశ్, ఇంగ్లీషులో ఇంకో స్పెల్లింగ్. తెలంగాణ చుట్టాల కాగితాల్లో ఇంటిపేరు ముందు, మన కాగితాల్లో తండ్రి పేరు మధ్యలో, ఇంటిపేరు చివర. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకు ఒకటే, త, ద లకు ఒకటే. బడి రిజిస్టర్‌లో ఉన్న మా పేరును ఇంగ్లీషులోకి దింపిన ప్రతి చోటా ఒక్కో రకంగా దింపారు. పింఛను సమయానికి అఫిడవిట్ రాయించి, ఆఫీసు చుట్టూ తిరిగి సరిచేయించుకున్నాం. మన ఊళ్ళోనే అంత తిరగాల్సి వస్తే, సముద్రం అవతల కూర్చున్న అధికారికి వెంకటేశం, వ్యంకటేశ్ ఒక్కడేనని ఎలా తెలుస్తుంది?

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు మాటలు పెట్టబోతున్నాం. ఒకటి, పరిచయ మేళావా ఫారంలోంచి గ్రీన్ కార్డ్ గడి తీసేయాలి. చదువు, ఉద్యోగం, ఊరు ఉంటే చాలు. ఆడపిల్ల తల్లిదండ్రులకు కుర్రాడి వీసా సంగతి తెలుసుకునే హక్కు పూర్తిగా ఉంది. మాట్లాడుకునేటప్పుడు అడగండి, పై లెక్కలు తెలుసుకుని అడగండి. రెండు, ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు సంఘం ఆఫీసులో కాగితాల బల్ల పెట్టాలి. జనన పత్రం, పేరు సవరణ, అఫిడవిట్, మన పిల్లల కుల పత్రం ఫైళ్ళు, అన్నీ అక్కడ చూసి ఏది ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. అమెరికాకే కాదు, బీడీ కార్మికురాలి పింఛనుకూ ఆ బల్ల పనికొస్తుంది. మూడు, కొడుకులు దూరంగా చిక్కుకుపోయిన తల్లిదండ్రుల ఇళ్ళ జాబితా రాసుకోవాలి. ఆ ఇంట్లో ఆసుపత్రి అవసరం వచ్చినా, చావు వచ్చినా సంఘం నుంచి నలుగురు ముందు నిలబడాలి.

బల్ల దగ్గర కూర్చోవడానికి మేము సిద్ధం. ఫారాలు నింపడం, వరుసలో నిలబడినవాడికి కోపం రాకుండా జవాబు చెప్పడం తప్ప ఈ చేతులకు వేరే పని రాదు. మరాఠీ బాగా రాయగలిగినవాళ్ళు ఒకరు, నోటరీ పని తెలిసినవాళ్ళు ఒకరు, కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్ళు ఇద్దరు కావాలి. ఏ ఆదివారం కుదురుతుందో కింద పేరుతో సహా రాయండి. మీ ఇంట్లో పాత బడి దాఖలాలు, మిల్లు పాస్‌బుక్కులు, ఇంటి పన్ను రసీదులు ఉంటే పారేయకండి. ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైన ఇంటిపేరు రాసి ఉంచండి.